జర్మనీలో ఉద్యోగం, అమ్మానాన్నలతో యూరప్ టూర్: ఎవరికి ఏ రైలు టికెట్ కొనాలి?

ప్రశ్న: మాది రాజోలు. ఏప్రిల్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. నెల తర్వాత నా భార్య, ఏడేళ్ల పాప వస్తారు. జూన్‌లో అమ్మానాన్న మూడు వారాలు ఉండడానికి వస్తారు. ఇద్దరికీ అరవై దాటాయి. వాళ్లకు పారిస్, స్విట్జర్లాండ్ చూపించాలని ఉంది. భీమవరంలో ఒక ట్రావెల్స్ ఆయన యూరప్‌లో చాలా దేశాల రైళ్లకు ఒకే టికెట్‌లా పనిచేసే యూరైల్ పాసులు అయిదుగురికీ ఇప్పుడే తీసేసుకోమంటున్నారు. తీసుకోమంటారా?

సమాధానం:

తీసుకోకండి. మీ అమ్మానాన్నల సంగతి తర్వాత చూద్దాం. మీకు, మీ భార్యకు, పాపకు మాత్రం అది చెల్లదు.

నేను స్టుట్‌గార్ట్ దగ్గర చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నానండి. మన వైపు నుంచి వెళ్లే పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మన చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి మనం టూరిస్టుల లెక్కలోకి వస్తామని అనుకుంటారు. రైలు పాసులకు పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ముఖ్యం కాదు, మీరు ఎక్కడ నివాసం ఉంటున్నారన్నదే ముఖ్యం. యూరైల్ అనేది యూరప్ బయట నివసించేవాళ్ల కోసం. యూరప్‌లో నివసించేవాళ్లకు ఇంటర్‌రైల్ అని వేరే పాస్ ఉంది. మీరు స్టుట్‌గార్ట్‌లో ఇల్లు తీసుకుని, మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకుని, రెసిడెన్స్ కార్డు తీసుకున్నాక జర్మనీ నివాసి కిందే లెక్క. అప్పుడు మీకు ఇంటర్‌రైలే. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నల నివాసం రాజోలే కాబట్టి వాళ్లకు యూరైల్. అయిదుగురూ ఒకే రైల్లో పక్కపక్కనే కూర్చున్నా పాసులు మాత్రం వేరు. టీసీ పాస్‌తో పాటు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అడగవచ్చు. కార్డు మీద జర్మనీ అని కనిపిస్తూ చేతిలో యూరైల్ ఉంటే ఆ పాస్ పనికిరానట్టే, మళ్లీ టికెట్ డబ్బులు కట్టాల్సి వస్తుంది.

ఇంటర్‌రైల్‌కు ఇంకో షరతు ఉంది. మీరు నివసించే దేశంలో ఇష్టమొచ్చినట్టు తిరగడానికి దాన్ని వాడలేరు. జర్మనీ దాటి బయటికి వెళ్లేటప్పుడు ఒక ప్రయాణం, తిరిగి వచ్చేటప్పుడు ఒక ప్రయాణం, అంతే. మీ నాన్నగారి యూరైల్‌కు ఆ అడ్డు లేదు, ఆయన జర్మనీ అంతా తిరగొచ్చు.

ఇంతా చెప్పి, అసలు మీ ఇంట్లో ఎవరికీ ఈ పాసులు అవసరం లేదంటాను. ముందు మీ రోజువారీ ప్రయాణం సంగతి చూద్దాం. సంవత్సరం పొడుగునా డబ్బు పోయేది అక్కడే.

మన దగ్గర తణుకు, నిడదవోలు, భీమవరం నుంచి రోజూ విజయవాడకో రాజమండ్రికో ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటారు కదా. జర్మనీలో దానికి బదులుగా డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. మన సీజన్ టికెట్ రెండు స్టేషన్ల మధ్యే చెల్లుతుంది. ఇది దేశమంతా చెల్లుతుంది. సిటీ బస్సు, ట్రామ్, మెట్రో, లోకల్ రైళ్లు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే ఆర్‌బీ, ఆర్‌ఈ రకం రీజినల్ రైళ్లు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంతపు వేగవంతమైన రైళ్లు మాత్రం ఎక్కకూడదు. 2023 మేలో ఇది మొదలైనప్పుడు నెలకు 49 యూరోలు. 2025 జనవరిలో 58 చేశారు. 2026 జనవరి నుంచి 63 యూరోలు.

దీన్ని తీసుకునే ముందు కంపెనీ హెచ్‌ఆర్‌ను జాబ్ టికెట్ (కంపెనీ కొంత భరించే డాయిచ్‌లాండ్ టికెట్) ఉందా అని అడగండి. కంపెనీ కనీసం 25 శాతం భరిస్తే రవాణా సంస్థ ఇంకో 5 శాతం తగ్గిస్తుంది. అప్పుడు మీ జేబు నుంచి పోయేది 44 యూరోల చిల్లర. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువే భరిస్తాయి. కొత్తగా చేరినవాళ్లు మొహమాటానికి అడగరు. ఇది మీ జీతంతో పాటు వచ్చే సదుపాయం, మొదటి రోజే అడగండి.

ఇది క్యాలెండర్ నెల లెక్కన నడుస్తుంది. మీరు 20వ తేదీన దిగి ఆ నెలకే కొంటే చాలాచోట్ల నెల మొత్తానికి కట్టించుకుంటారు. మిగిలిన రోజులకే డబ్బు తీసుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. హాంబుర్గ్ రవాణా సంస్థ యాప్ అలాంటిదే. ఎక్కడ కొన్నా టికెట్ దేశమంతా ఒకేలా చెల్లుతుంది కాబట్టి, స్టుట్‌గార్ట్‌లో ఉంటూ హాంబుర్గ్ యాప్‌లో కొనడంలో తప్పేమీ లేదు. ఇంకో ఇబ్బంది బ్యాంకు ఖాతా. చాలామంది అమ్మకందారులు జర్మన్ ఖాతా నుంచి నేరుగా డబ్బు తీసుకునే పద్ధతే పెడతారు. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి కొన్నిచోట్ల దరఖాస్తు తిరస్కరిస్తారు. దానికి టెన్షన్ పడకండి, మీలో లోపం ఉందని కాదు. క్రెడిట్ కార్డు తీసుకునే యాప్‌లో కొనుక్కుని, ఖాతా తెరిచాక జాబ్ టికెట్‌కు మారిపోండి.

ఇది చందా లాంటిది. ఆపమని మీరు చెప్పేదాకా నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది. ఈ నెలాఖరుకు ఆగిపోవాలంటే ఈ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. సంక్రాంతికి నెల రోజులు ఇంటికొచ్చేవాళ్లు ఆ నెల ఆపేసుకోవచ్చు, మళ్లీ వెళ్లాక మొదలుపెట్టుకోవచ్చు. టికెట్ మీ పేరు మీదే ఉంటుంది, ఇంట్లో ఒకరిది ఇంకొకరు వాడకూడదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోలు జరిమానా. లోకల్ రైళ్లకు గేట్లు ఉండవు, చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లో కూడా వస్తారు. ఎవరూ చూడట్లేదు కదా అనిపించే చోటే పట్టుబడతారు.

మీ పాపకు ఏడేళ్లు కాబట్టి ఈ లోకల్ రైళ్లలో, బస్సుల్లో తనకూ టికెట్ కావాలి. ఆరేళ్ల లోపు పిల్లలకే ఉచితం. ఐసీఈ లాంటి రైళ్లలో పద్ధతి వేరు. అక్కడ 14 ఏళ్ల వరకు పిల్లలు పెద్దవాళ్లతో ఉచితంగా రావచ్చు, కానీ టికెట్ తీసేటప్పుడే పాపను కూడా చేర్చాలి. రైలెక్కాక చెబితే కుదరదు.

మన వైపు నుంచి మాస్టర్స్‌కు వెళ్తున్న పిల్లలు ఇది చదువుతుంటే ఒక మాట. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ఈ టికెట్ తగ్గింపు ధరకు కలిపి వస్తుంది. ఫీజు రసీదు చూసుకోకుండా వేరేగా కొనకండి.

ఇక దూరప్రయాణాలు. ఇక్కడ మన అలవాట్లు కొన్ని పక్కన పెట్టాలి. జర్మనీలో వెయిటింగ్ లిస్టు, తత్కాల్ లాంటివి లేవు. టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ ఉంటే రైలెక్కొచ్చు, సీటు కావాలంటే రెండో తరగతిలో మనిషికి ఐదున్నర యూరోలు ఇచ్చి విడిగా రిజర్వ్ చేసుకోవాలి. ఒంటరిగా వెళ్తే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోవద్దు. శుక్రవారం సాయంత్రం ఐసీఈలో నిలబడి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. అరవై దాటినవాళ్లను అలా నిలబెట్టకండి.

ధరలు మూడు రకాలు. ఫ్లెక్స్‌ప్రైస్ అంటే ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు, ఖరీదు ఎక్కువ. ష్పార్‌ప్రైస్, సూపర్ ష్పార్‌ప్రైస్ అంటే మీరు ఎంచుకున్న ఆ రైలే ఎక్కాలి, ముందుగా కొంటే చాలా చవక. ష్పార్‌ప్రైస్ రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది వోచర్‌గా ఇస్తారు, సూపర్ ష్పార్‌ప్రైస్ రద్దు చేస్తే ఏమీ రాదు. రైలు ఆలస్యమై గమ్యానికి 20 నిమిషాలు లేటుగా చేరతారని తేలితే, ఆ రైలే ఎక్కాలన్న నిబంధన పోతుంది. వేరే రైల్లో వెళ్లొచ్చు. గంట ఆలస్యమైతే టికెట్ డబ్బులో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి ఇస్తారు. జర్మన్ రైళ్లు ఎప్పుడూ టైముకి వస్తాయన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ నమ్మకంతో 6 నిమిషాల వ్యవధిలో రైలు మారే ప్లాన్ వేయకండి. పెద్దవాళ్లుంటే అరగంటైనా ఉంచండి.

బాన్‌కార్డ్ 25 కూడా కొనమని ఆఫీసులో అందరూ చెబుతారు. సంవత్సరానికి సుమారు 63 యూరోలు, దూరప్రయాణ టికెట్ల మీద 25 శాతం తగ్గింపు. అంటే సంవత్సరంలో దాదాపు 250 యూరోల టికెట్లు కొంటేనే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. డాయిచ్‌లాండ్ టికెట్‌కు ఇది ఏమీ తగ్గించదు. మొదటి మూడు నెలలు ఆగి, మీరు నిజంగా ఎంత తిరుగుతున్నారో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. మీరు రద్దు చేయకపోతే ఇది కూడా దానంతటదే మళ్లీ మొదలైపోతుంది.

ఇప్పుడు అమ్మానాన్నల మూడు వారాలు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతారనుకుంటాను. విమానాశ్రయాన్ని ఆనుకునే ఐసీఈ స్టేషన్ ఉంది, అక్కడి నుంచి స్టుట్‌గార్ట్ గంటంబావు ప్రయాణం. ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం చవక టికెట్ జోలికి పోవద్దు. విమానం లేటైతే, ఇమిగ్రేషన్ క్యూ పెద్దగా ఉంటే, ఆ రైలు పోతుంది, టికెట్టూ పోతుంది. విమానం ఆలస్యానికి రైలువాళ్ల బాధ్యత ఉండదు. విమాన టికెట్‌తో పాటే రైలు కూడా ఒకే బుకింగ్‌లో వచ్చేలా తీసుకోండి, లేదా ఫ్లెక్స్‌ప్రైస్ కొనండి. వీలైతే మీరే ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి తీసుకురండి.

ఆ మూడు వారాల్లో ఎక్కువ రోజులు స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలే గడుస్తాయి. డాయిచ్‌లాండ్ టికెట్ కొనడానికి జర్మనీ నివాసి కానవసరం లేదు. మీరే వాళ్ల పేర్ల మీద కొని, జూన్ 10 లోపు రద్దు చేసేయండి. జూన్ నెలాఖరు దాకా చెల్లుతుంది. అయితే మూడు వారాలూ ఒకే నెలలో పడేలా రాకపోకల తేదీలు చూసుకోండి. జూన్ 15కి వచ్చి జూలై మొదటివారంలో వెళ్తే రెండు నెలలకు కట్టాలి. వీసా తేదీలు మీ చేతిలో ఉంటే జూన్ 3 నుంచి 24 లాంటి తేదీలు వేసుకోండి. వాళ్లు పెద్దగా బయటికి తిరగరు, వారానికి ఒక రోజే వెళ్తాం అనుకుంటే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రపు డే టికెట్ ఉంది. అయిదుగురి వరకు కలిసి ఒకే టికెట్ మీద రోజంతా రీజినల్ రైళ్లలో తిరగొచ్చు. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది.

డాయిచ్‌లాండ్ టికెట్ మీద సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా వెళ్లొచ్చు. స్టుట్‌గార్ట్ నుంచి అంత దూరం రీజినల్ రైళ్లలోనే వెళ్దామని మాత్రం అనుకోకండి. మ్యూనిక్‌కే ఐసీఈలో రెండు గంటలు, రీజినల్ రైళ్లలో మూడున్నర గంటల దాకా పడుతుంది, మధ్యలో మారాలి. మీరు కుర్రవాళ్లు కాబట్టి వెళ్తారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆ ఆదా చేసిన డబ్బుకు అర్థం లేదు.

పారిస్‌కు స్టుట్‌గార్ట్ నుంచి నేరుగా రైలుంది, మూడు గంటల పైన కొద్ది నిమిషాలు. ఇక్కడే ఆ ట్రావెల్స్ ఆయన మాట నిలవదు. ఫ్రాన్స్‌కు వెళ్లే ఆ వేగవంతమైన రైళ్లలో పాస్ ఉన్నా విడిగా రిజర్వేషన్ డబ్బు కట్టాలి. పాస్ ఉన్నవాళ్లకిచ్చే సీట్లు పరిమితం, వేసవిలో అవి ముందే అయిపోతాయి. పాస్ కొని, రిజర్వేషన్ దొరక్క, మళ్లీ మామూలు టికెట్ కొనుక్కునేవాళ్లున్నారు. పాస్ లేకుండా రెండు మూడు నెలల ముందు నేరుగా టికెట్ కొంటే పూర్తి ధర కంటే చాలా తక్కువకే వస్తుంది. మీ ప్రయాణం అంతా కలిపి పారిస్ రానూపోనూ, స్విట్జర్లాండ్ రానూపోనూ. అంత తక్కువ తిరుగుడుకు పాస్ దండగ.

అలాగని పాసులు చెడ్డవని నా ఉద్దేశం కాదు. నెలలో అయిదారు దేశాలు చూడాలి, ఈ రోజు నచ్చితే ఇక్కడే ఉంటాం, లేకపోతే రేపు ఇంకో ఊరు అనుకునే కుర్రవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. 27 ఏళ్ల వరకు యూత్ ధర ఉంది, అరవై దాటినవాళ్లకు 10 శాతం తగ్గింపు ఉంది, 11 ఏళ్ల వరకు పిల్లలకు పెద్దవాళ్లతో ఉచితం. ఒకవేళ తీసుకున్నా ఇప్పుడే ఎందుకు? అది ఫోన్‌లో యాప్ ద్వారా వస్తుంది, బయలుదేరే ముందు వారం కొన్నా చాలు. ప్రతి రైలునూ ఎక్కే ముందే ఆ యాప్‌లో చేర్చుకోవాలి. నాన్నగారి ఫోన్‌లో చేర్చి ఇచ్చే బాధ్యత మీదే అవుతుంది.

స్విట్జర్లాండ్ విషయంలో నివాసం లెక్క ఇంకోలా ఉంటుంది. స్విస్ ట్రావెల్ పాస్ స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్ బయట నివసించే ఎవరికైనా ఇస్తారు. అంటే జర్మనీలో ఉండే మీరూ, రాజోలులో ఉండే అమ్మానాన్నలూ అందరూ అర్హులే. రైళ్లు, బస్సులు, సరస్సుల మీద పడవలు, చాలా మ్యూజియంలు అందులో కలిసి ఉంటాయి. పాపకు ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోండి, తల్లితోనో తండ్రితోనో ఉంటే 15 ఏళ్ల వరకు ఉచితం. పాస్ కాక టూరిస్టులకు నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు కూడా ఉంది, దాంతో దాదాపు అన్నిటికీ సగం ధర. ఏది మేలన్నది మీరు ఏ కొండలు ఎక్కుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరూ వెళ్లాలనుకునే యుంగ్‌ఫ్రౌయోహ్ అనే ఎత్తైన కొండ స్టేషన్‌కు ట్రావెల్ పాస్ ఉన్నా పై భాగానికి 25 శాతమే తగ్గిస్తారు, హాఫ్ ఫేర్ కార్డుకు 50 శాతం. ఇంటర్లాకెన్ అనే ఊళ్లో ఒకేచోట ఉండి ఇలాంటి కొండలు ఒకటి రెండు చూసేవాళ్లకు హాఫ్ ఫేర్ మేలు. రోజూ ఒక ఊరు మారుతూ, పడవలెక్కుతూ తిరిగేవాళ్లకు ట్రావెల్ పాస్ మేలు. ఒక్క రోజు ప్రయాణానికైతే సేవర్ డే పాస్ ముందుగా కొంటే 52 స్విస్ ఫ్రాంకుల నుంచి దొరుకుతుంది.

యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. 1912 నుంచి రైలు అంత పైకి వెళ్తోంది. మనం సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున పుట్టి పెరిగినవాళ్లం. నాన్నగారికి బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్ని అడిగాకే ఆ టికెట్ కొనండి. కిందున్న లోయలు, సరస్సులు చూసినా కళ్లు నిండుతాయి.

జపాన్‌లో ఉన్న పిల్లల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా. అక్కడి రైళ్లకు ఉండే జేఆర్ పాస్ తాత్కాలిక సందర్శకులకే. వర్క్ వీసా మీద ఉన్న పిల్లలకు ఇవ్వరు, చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇస్తారు. పాస్‌పోర్టులో ఆ తాత్కాలిక సందర్శకుల స్టాంపు లేదా స్టిక్కర్ ఉండాలి కాబట్టి, ఆటోమేటిక్ గేటు నుంచి వచ్చేయకుండా అధికారి దగ్గరికే వెళ్లండి. 7 రోజుల పాస్ ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కు పెంచారు. టోక్యో నుంచి క్యోటోకు వెళ్లి రావడమే మీ ప్లాన్ అయితే విడి టికెట్లే చవక.

మళ్లీ మీ విషయానికి వస్తే, పేర్ల దగ్గర జాగ్రత్తండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా, ఒకరికి పొడి అక్షరంగా ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడే ఖాళీగా ఉంటుంది. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉన్నవాళ్లూ ఎక్కువే. అమ్మానాన్నల టికెట్లు, పాసులు అన్నిటికీ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే వాడండి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. రైల్లో పోలీసులు వచ్చి అడుగుతారు. పారిస్ వెళ్లినా, జ్యూరిచ్ వెళ్లినా వాళ్ల పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ కార్డు ఒరిజినల్స్ చేతి సంచిలోనే ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

సామాను గురించి అమ్మగారికి ముందే చెప్పండి. అక్కడ పోర్టర్లు ఉండరు, లిఫ్టు పనిచేయని స్టేషన్లూ ఉంటాయి. ఆవకాయ, పూతరేకులు అన్నీ స్టుట్‌గార్ట్ ఇంట్లో దించేశాకే టూర్లకు బయలుదేరండి. మనిషికి తను ఎత్తుకోగలిగిన ఒక్క బ్యాగు చాలు.

కొనే వరుస ఇది. ఇప్పుడు ఏమీ కొనకండి. మీరు వెళ్లి చేరాక జాబ్ టికెట్ అడగండి. అమ్మానాన్నల వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు రైలు టికెట్లు చూపించాలేమోనని కొందరు ముందే కొనేస్తారు. వీసా పాస్‌పోర్టులో పడకముందే సూపర్ ష్పార్‌ప్రైస్ కొంటే, వీసా రాకపోతే ఆ డబ్బు మొత్తం పోతుంది. వీసా వచ్చిన రోజునే పారిస్ టికెట్లు తీయండి, ఆ వారంలోనే సీట్లు కూడా రిజర్వ్ చేయండి. స్విస్ కార్డులు బయలుదేరే ముందు వారంలో తీసుకున్నా ఫర్వాలేదు, సేవర్ డే పాస్ అయితే మాత్రం ముందుగానే తీసుకోండి. మీ ఆఫీసు స్టుట్‌గార్ట్‌లో ఏ వైపో, ఇల్లు ఎక్కడ చూస్తున్నారో తెలిశాక రాయండి. ఏ లైనులో ఉంటే ఎక్కువ మారకుండా వెళ్లొచ్చో చెబుతాను.